ఫ్యాను లేని హీట్‌సింక్: సిమ్యులేషన్‌లో డిజైన్ చరరాశులను ఎలా అమర్చుకోవాలి?

గుణుపురం_ఎంటెక్

సభ్యులందరికీ నమస్కారం. నేను రాయగడ జిల్లా గుణుపురంలో ఎంటెక్ చదువుతున్నాను. ఒక హార్స్‌పవర్ సౌర పంపు కంట్రోలర్ వెనుక బిగించే అల్యూమినియం హీట్‌సింక్‌ను (వేడిని గాలిలోకి వదిలే రెక్కల పలకను) ఫ్యాను లేకుండా, సహజ సంవహనంతోనే, అంటే వేడెక్కిన గాలి తానే పైకి లేచే కదలికతోనే, చల్లబరచవచ్చునా అన్నది నా ప్రాజెక్టు అంశం. పంపుకు సుమారు 750 వాట్లు అందాలి. కంట్రోలర్ సామర్థ్యం 95 శాతం అనుకుంటే దాదాపు 40 వాట్లు వేడిగా బయటికి పోవాలి. పెట్టె కొలతలను బట్టి హీట్‌సింక్ వెడల్పు 250 మి.మీ., నిలువు 150 మి.మీ.గా ఖాయమైపోయాయి. బయటి గాలి 45 డిగ్రీలున్నప్పుడు హీట్‌సింక్ 75 డిగ్రీలు దాటకూడదని మా గైడు గారు షరతు పెట్టారు.

నేను వాడుతున్నది అన్సిస్ ఎలక్ట్రానిక్స్ డెస్క్‌టాప్‌లోని ఐస్‌ప్యాక్ అనే ఉష్ణ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్. ఫిన్ల (హీట్‌సింక్ పలక మీద నిలబడే పల్చని రెక్కల) మధ్య సందు, ఫిన్ల సంఖ్య, ఫిన్ లోతు, ఫిన్ మందం, బయటి ఉష్ణోగ్రత అనే ఐదింటిని చరరాశులుగా పెట్టాను. పాత ఐస్‌ప్యాక్ పాఠంలో చూపినట్లే ప్రతి పేరు ముందు డాలర్ గుర్తు చేర్చాను. ఇప్పుడు నాకు మూడు చిక్కులు ఎదురయ్యాయి. మొదటిది, ఈ పేర్లు డిజైన్ లక్షణాల జాబితాలో కనిపించడం లేదు. పైగా అదే ప్రాజెక్టులో పోలిక కోసం పెట్టుకున్న ఫ్యాను మోడల్ కూడా నేను ముట్టుకోకుండానే మారిపోతోంది. రెండవది, కొన్ని జోడింపులలో ఫిన్లు పలక దాటి బయటికి వస్తున్నాయి. మూడవది, సందుకు 2, 3, 4, 5 మి.మీ., లోతుకు నాలుగు విలువలు, మందానికి మూడు, బయటి ఉష్ణోగ్రతకు మూడు ఇస్తే, ఫిన్ల సంఖ్యను కలపకుండానే 144 పరుగులు అవుతున్నాయి. ఒక్కొక్క పరుగుకు నలభై నిమిషాలు పడుతోంది. అనుభవజ్ఞులు దారి చూపగలరని కోరుతున్నాను.

సునాబెడ_సిమ్

మీ మొదటి చిక్కుకు కారణం ఆ డాలర్ గుర్తే. పాత ఐస్‌ప్యాక్‌లో ఏ పెట్టెలోనైనా అంకెకు బదులు డాలర్ గుర్తుతో ఒక పేరు రాస్తే అది చరరాశి అవుతుంది. ఎలక్ట్రానిక్స్ డెస్క్‌టాప్‌లో అదే గుర్తుకు మరొక పని ఉంది. గుర్తుతో మొదలయ్యే పేరు ప్రాజెక్టు మొత్తానికీ చెందుతుంది, గుర్తు లేని పేరు ఆ ఒక్క డిజైన్‌కే చెందుతుంది. కాబట్టి మీ చరరాశులన్నీ ప్రాజెక్టు చరరాశుల జాబితాలో భద్రంగానే ఉన్నాయి, అందుకే రెండు డిజైన్లనూ ఒకేసారి కదిలిస్తున్నాయి. నిజంగా రెండింటికీ ఉమ్మడిగా ఉండవలసిన వాటిని, అంటే పలక వెడల్పు, నిలువు, 40 వాట్ల వేడి వంటి వాటిని, గుర్తుతోనే ఉంచండి. సందును, లోతును గుర్తు లేకుండా మళ్ళీ నిర్వచించండి.

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. విలువ ఇచ్చేటప్పుడు వట్టి 8 అని వదిలివేయకుండా పక్కనే మిల్లీమీటర్లని యూనిట్ రాయండి. యూనిట్ లేని అంకెను సమీకరణంలో పొడవుతో కలిపినప్పుడు వచ్చే గందరగోళం తెరమీద ఎర్రగా కనిపించదు. బొమ్మ బాగానే గీయబడుతుంది, కొలత మాత్రం వేరుగా ఉంటుంది.

బరంపురం_లెక్కలు

సాఫ్ట్‌వేర్ తెరిచేముందు కాగితం మీద ఒక లెక్క చేసుకుని ఉంటే 2 మి.మీ. అనే విలువ మీ పట్టికలోకి వచ్చేదే కాదని నా అభిప్రాయం. చరరాశికి పేరు పెట్టడం సులభమే, దాని హద్దులను నిర్ణయించడంలోనే ఇంజినీరు పని ఉంటుంది.

నిలువుగా నిలబెట్టిన సమాంతర పలకల మధ్య సహజ సంవహనానికి బార్-కోహెన్, రోసెనో 1984లో ప్రచురించిన సూత్రం ఇప్పటికీ పాఠ్యపుస్తకాలలో ఉంది. పలకలన్నీ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు అత్యధిక వేడిని మోసే సందు, పలక నిలువును 2.714తో గుణించి, ఆ నిలువు ఆధారంగా లెక్కించిన రేలీ సంఖ్య (వేడి గాలి పైకి కదిలే బలాన్ని సూచించే అంకె) నాలుగవ మూలంతో భాగిస్తే వస్తుంది. మీ సందర్భంలో ఉపరితలం 75, గాలి 45 డిగ్రీలు కనుక సగటు 60 డిగ్రీల దగ్గర గాలి ధర్మాలు తీసుకున్నాను. 150 మి.మీ. నిలువుకు రేలీ సంఖ్య దాదాపు 60 లక్షలు, దాని నాలుగవ మూలం సుమారు 49.4. అంటే ఉత్తమ సందు 8.2 మి.మీ. అవుతుంది. మీరు ఇచ్చిన నాలుగు విలువలలో ఒక్కటైనా దాని దరిదాపులలో లేదు.

ఫిన్ లోతు 40, మందం 2 మి.మీ., ఉష్ణోగ్రతా భేదం 30 డిగ్రీలు అని పెట్టి, 250 మి.మీ. వెడల్పులో పట్టినన్ని ఫిన్లు అమర్చి, వారి పూర్తి సూత్రంతోనే సంవహనం మోసే వేడిని లెక్కించాను. సందు 3 మి.మీ. అయితే 50 ఫిన్లు పడతాయి గాని, పోయే వేడి 7 వాట్లకు మించదు. 4 మి.మీ.కు 13 వాట్లు, 6 మి.మీ.కు 30 వాట్లు, 8 మి.మీ.కు 39 వాట్లు, 10 మి.మీ.కు 38 వాట్లు, 12 మి.మీ.కు 34 వాట్లు వచ్చాయి. 3 మి.మీ. దగ్గర ఉపరితల వైశాల్యం 8 మి.మీ. దగ్గరి దానికి రెండింతలు, అయినా వేడి ఆరవ వంతుకు పడిపోతోంది. ఇరుకు సందులో రెండు గోడల పక్కనా ఏర్పడే వేడి పొరలు కలిసిపోయి, గాలి పైకి జరగలేక గోడ ఉష్ణోగ్రతకే చేరుకుంటుంది. ఆపైన అది మోయగలిగిన వేడి ఏమీ మిగలదు.

ఇక ఫిన్ మందం. సంవహన గుణకం (ఉపరితలం నుండి గాలికి వేడి పోయే రేటు) ఇక్కడ చదరపు మీటరుకు డిగ్రీకి 4.5 వాట్ల దగ్గర ఉంది. అల్యూమినియం వాహకత 200 అనుకుంటే 2 మి.మీ. ఫిన్ సామర్థ్యం 98 శాతం దాటుతుంది, 1 మి.మీ. ఫిన్‌ది కూడా 97 శాతానికి పైనే ఉంటుంది. ఈ రెండింటి మధ్య తేడా కనుక్కోవడానికి మీ పరుగులను మూడింతలు చేసుకోవడం అనవసరం. మందాన్ని జాబితా నుండి తీసివేయండి.

గుణుపురం_ఎంటెక్

సునాబెడ సార్‌కు, బరంపురం మాస్టారికి ధన్యవాదాలు. డాలర్ గుర్తు తీసివేయగానే ఫ్యాను మోడల్ కదలడం ఆగిపోయింది. ఒక సందేహం మిగిలింది. నేను 4 మి.మీ. సందుతో ముందే చేసిన పరుగులో సంవహనం ద్వారా పోయిన వేడి, మాస్టారు చెప్పిన 13 వాట్ల కంటే స్పష్టంగా ఎక్కువగా వచ్చింది. వికిరణం (ఉపరితలం నుండి కిరణాలుగా పోయే వేడి) ఆపివేసే ఉంచాను. నా మోడల్ తప్పా, లేక సూత్రమే తక్కువ చెబుతోందా?

బరంపురం_లెక్కలు

రెండూ తప్పు కాదు. సూత్రంలో గాలి కింది అంచు నుండి మాత్రమే లోపలికి వస్తుంది. మీ హీట్‌సింక్‌లో ఫిన్ల కొసలు తెరిచి ఉన్నాయి కనుక ఎదుటి వైపు నుండి కూడా గాలి చొరబడుతుంది. సందు ఎంత ఇరుకైతే ఈ ప్రక్కదారి వాటా అంత ఎక్కువ. కనుక ఇరుకు సందుల దగ్గర నా అంకెలను కనీసపు అంచనాగా తీసుకోండి. 8 నుండి 10 వరకు గల భాగంలో సూత్రానికీ సిమ్యులేషన్‌కూ పెద్ద దూరం ఉండకూడదు. అక్కడ కూడా పెద్ద తేడా వస్తే అప్పుడు మోడల్‌ను అనుమానించండి. గురుత్వాకర్షణను చేర్చారా, దాని దిశ నిలువు అక్షం వెంట ఉందా, చుట్టూ తీసుకున్న గాలి ప్రదేశం పైవైపు తగినంత ఉందా అన్నవి ముందుగా చూడవలసినవి.

పర్లాకిమిడి_స్క్రిప్ట్

రెండవ చిక్కును ఎవరూ ముట్టుకోలేదు కనుక నేను చెబుతాను. వెడల్పు 250 మి.మీ. అని ఖాయమైనప్పుడు సందు, మందం, సంఖ్య అనే మూడింటిలో రెండే స్వతంత్రంగా ఉంటాయి. మూడింటినీ విడివిడిగా మార్చే పట్టిక ఇస్తే పలక దాటి ఫిన్లు రావడం తప్ప మరొకటి జరగదు. చరరాశి విలువగా అంకెకు బదులు ఇతర చరరాశులతో కూడిన సమీకరణాన్ని కూడా రాయవచ్చు. కాబట్టి ఒకదానిని సమీకరణంగా మార్చండి.

ఏ ఒకటి అన్నదే ప్రశ్న. సంఖ్యను స్వతంత్రంగా ఉంచి సందును లెక్కించమని నా సలహా. వెడల్పు నుండి సంఖ్య, మందాల లబ్ధాన్ని తీసివేసి, మిగిలినదానిని సంఖ్య కంటే ఒకటి తక్కువతో భాగిస్తే సందు వస్తుంది. 25 ఫిన్లకు 8.3 మి.మీ., 21 ఫిన్లకు 10.4 మి.మీ., 18 ఫిన్లకు 12.6 మి.మీ. అవుతుంది. అంచున సగం సందు మిగిలిపోవడం ఉండదు, ఫిన్లు రెండు అంచులకూ సరిగ్గా ఆనుతాయి.

సునాబెడ_సిమ్

ఇక్కడ నేను కొంత విభేదిస్తాను. భౌతికంగా ఉష్ణోగ్రతను నిర్ణయించేది సందు. గ్రాఫు గీసినప్పుడు అడ్డ అక్షం మీద సందు ఉంటేనే వక్రరేఖ అర్థవంతంగా కనిపిస్తుంది, దానిని సూత్రంతో పోల్చవచ్చు. సందును స్వతంత్రంగా పెట్టి, వెడల్పుకు సందును కలిపి, సందు మందాల మొత్తంతో భాగించి, పూర్ణాంక భాగాన్ని తీసుకొనే ఫంక్షన్‌తో సంఖ్యను రాబట్టవచ్చు.

పర్లాకిమిడి_స్క్రిప్ట్

పూర్ణాంక ఫంక్షన్ పెట్టిన క్షణంలోనే మీ వక్రరేఖకు మెట్లు పడతాయి సార్. సందు కొద్దిగా పెరిగినంతసేపు సంఖ్య మారదు, ఒక చోట హఠాత్తుగా ఒక ఫిన్ మాయమవుతుంది, ఉష్ణోగ్రత ఎగురుతుంది. వాలును చూసి ఉత్తమ విలువను వెతికే ఆప్టిమైజర్ ఆ మెట్టు దగ్గర దారి తప్పుతుంది. సంఖ్య పూర్ణాంకమని ముందే ఒప్పుకుని విడి విలువల పట్టికతో పరుగెత్తించి, సందును ఫలితాలతోపాటు ఒక నిలువు వరుసగా రాబట్టుకుంటే మీరు కోరిన గ్రాఫూ వస్తుంది.

సునాబెడ_సిమ్

పట్టికతో పరుగెత్తించేటట్లయితే మీ పద్ధతే మేలని ఒప్పుకుంటాను. ఆప్టిమైజర్ అవసరం ఈ ప్రాజెక్టుకు ఎలాగూ లేదు.

ఇక మెష్ (లెక్క కోసం మోడల్‌ను చిన్న గదులుగా విడగొట్టే వల) విషయం. చరరాశి మారిన ప్రతిసారీ మెష్ కొత్తగా తయారవుతుందని గుర్తుంచుకోండి. మెష్ కొలతను 2 మి.మీ. అని స్థిరంగా ఉంచితే, 12 మి.మీ. సందులో ఆరు గదులు పడతాయి, 4 మి.మీ. సందులో రెండే పడతాయి. అప్పుడు మీరు పోలుస్తున్నది రెండు హీట్‌సింక్‌లను కాదు, ఒక మంచి మెష్‌నూ ఒక నాసి మెష్‌నూ. గది కొలతను కూడా చరరాశిగా చేసి, సందులో అయిదవ వంతు అని సమీకరణం రాయండి. గోడల దగ్గర ఇంకా సన్నగా పట్టుకోండి. ఒక మధ్య విలువ దగ్గర గదులను రెట్టింపు చేసి చూసి, ఉష్ణోగ్రత ఒక డిగ్రీలో కొద్ది భాగం కంటే ఎక్కువ కదలకపోతే ఆ అమరికతో మిగిలినవన్నీ నడపండి. మెష్ మార్పు వల్లనే ఒక డిగ్రీ కదులుతున్నప్పుడు, 8.3 కంటే 10.4 అర డిగ్రీ చల్లగా ఉందని నివేదికలో రాయడానికి అర్థం ఉండదు.

పారామెట్రిక్ అమరికలో, అంటే చరరాశుల పట్టికతో పరుగెత్తించే చోట, క్షేత్రాలను (ఉష్ణోగ్రత, గాలి వేగాల పూర్తి చిత్రాలను), మెష్‌ను భద్రపరచమనే గడి ఒకటి ఉంది. అది అప్రమేయంగా ఖాళీగా ఉంటుంది. దానిని టిక్ చేయకపోతే అంకెలు మిగులుతాయి గాని, ఏ పరుగులో గాలి ఎక్కడ నిలిచిపోయిందో తరువాత చూడలేరు. డిస్కులో చోటు చూసుకుని పెట్టండి.

బల్లార్షా_ప్యానెల్

చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో కంట్రోల్ ప్యానెళ్ళు తయారుచేయించే పనిలో ఉన్నాను. చర్చ మెష్ వరకు వచ్చింది గాని, ఉపరితలం గురించి ఎవరూ అడగలేదు. వికిరణం ఆపివేసి ఉంచానని విద్యార్థిని గారు రాశారు. ఫ్యాను ఉన్న పెట్టెలో అది పెద్దగా తేడా చేయదు గాని, ఫ్యాను లేని చోట ఆపివేయకూడదు. మీ హీట్‌సింక్ బయటి చుట్టుకొలత ఉపరితలం దాదాపు 0.07 చదరపు మీటర్లు. 75 డిగ్రీల ఉపరితలం 45 డిగ్రీల పరిసరాలకు అనోడైజింగ్ (ఆక్సైడ్) పూతతో 14, 15 వాట్లు ఇవ్వగలదు. మొత్తం 40 వాట్లలో అది మూడవ వంతుకు పైబడిన వాటా. పూత లేని మెరిసే అల్యూమినియం ఉద్గారత (వేడిని వికిరణంగా వదిలే గుణం) 0.1 కంటే తక్కువ కనుక అదే ఆకారం ఒకటిన్నర వాట్ల దగ్గర ఆగిపోతుంది. ఐస్‌ప్యాక్‌లో అప్రమేయంగా వచ్చే ఉపరితల పదార్థం 0.8 ఉద్గారత గల ఆక్సీకరణ చెందిన ఉక్కు. వికిరణాన్ని ఆన్ చేసి ఉపరితలాన్ని మార్చకపోతే, పూత ఖర్చు పెట్టకుండానే పూత ఫలితం మీకు ఉచితంగా వచ్చేస్తుంది. ఉద్గారతను రెండే విలువలున్న చరరాశిగా పెట్టండి: పూత ఉన్నది, లేనిది.

బయటి ఉష్ణోగ్రతను మాత్రం పట్టిక నుండి తీసివేయవచ్చు. ఇక్కడ వేసవిలో 46, 47 డిగ్రీలు కొత్త కాదు, కనుక అత్యధిక విలువ ఒక్కదానితో నడిపితే చాలు. గాలి కంటే హీట్‌సింక్ ఎంత ఎక్కువ వేడెక్కుతుందన్నది గాలి 35 నుండి 45కు మారినంత మాత్రాన పెద్దగా మారదు. అయితే సాఫ్ట్‌వేర్‌లో పరిసర ఉష్ణోగ్రత 20 డిగ్రీలుగా ఉండిపోలేదని ఒకసారి చూసుకోండి.

ఎండ సంగతి కూడా చెప్పాలి. నల్లని పూత గల 250 × 150 ముఖం మీద చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ నేరుగా పడితే 30 వాట్లకు పైగా వేడి లోపలికి వస్తుంది. కంట్రోలర్ పుట్టించే 40 వాట్లకు అది దాదాపు జోడీ. సౌర పలక నీడలో బిగించాలని మీ నివేదికలో షరతుగా రాయండి, లేకపోతే ఎండను కూడా మోడల్‌లో చేర్చండి.

సిరొంచ_సోలార్

నమస్తే. గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు పొలాలలో ఈ పంపులను బిగించి, మరమ్మతులు చేసే పని మాది. మీ సాఫ్ట్‌వేర్ నాకు తెలియదు గాని, హీట్‌సింక్‌లు రోజూ చేతిలోకి వస్తాయి. సందు తక్కువగా ఉన్నవాటిలో పత్తి తీసే కాలంలో దూది నూగు, దాని మీద దుమ్ము పట్టి గోడలాగా మూసుకుపోతుంది. వానాకాలం తరువాత కందిరీగలు మట్టితో గూళ్ళు కడతాయి. వేలు దూరే సందు ఉన్నవాటిని రైతు స్వయంగా పుల్లతో శుభ్రం చేసుకుంటాడు.

ఇంకొక మాట. స్తంభం మీద చోటు చాలకపోతే కుర్రవాళ్ళు పెట్టెను అడ్డంగా తిప్పి బిగిస్తారు. అప్పుడు ఫిన్లు నేలకు సమాంతరంగా ఉంటాయి. అలాంటివి మధ్యాహ్నం ఆగిపోయి సాయంత్రం మళ్ళీ తిరుగుతాయి. ఈ తిప్పడాన్ని కూడా మీరు లెక్కలోకి తీసుకోగలరా?

సునాబెడ_సిమ్

తప్పకుండా తీసుకోవచ్చు, ఇది చాలా విలువైన సూచన. మోడల్‌ను తిప్పనక్కరలేదు, గురుత్వాకర్షణ దిశను ఫిన్లకు అడ్డంగా మార్చిన మరొక డిజైన్‌ను అదే ప్రాజెక్టులో నకలు తీసుకుంటే చాలు. ఉమ్మడి కొలతలు ప్రాజెక్టు చరరాశులుగా ఉన్నాయి కనుక రెండూ ఒకే హీట్‌సింక్‌గా ఉంటాయి. డాలర్ గుర్తుకు అసలు ప్రయోజనం ఇలాంటి చోటనే ఉంది. గాలి ప్రదేశం మాత్రం కొత్త పైవైపుకు పెంచడం మరచిపోకండి.

బరంపురం_లెక్కలు

ఎత్తైన ప్రాంతాలలో బిగించడం గురించి కూడా ఒక మాట. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి సాంద్రత సుమారు పది శాతం తక్కువ. రేలీ సంఖ్య సాంద్రత వర్గాన్ని అనుసరిస్తుంది కనుక అది అయిదవ వంతు వరకు తగ్గుతుంది, ఉత్తమ సందు అయిదు శాతం పెరుగుతుంది, మోసే వేడి పది శాతం దాకా తగ్గుతుంది. కొండ మీద వేసవి మైదానం అంత తీవ్రంగా ఉండదు కనుక ఆ తగ్గుదల అక్కడే సర్దుకుపోతుంది. దీనికోసం మరొక చరరాశి పెట్టనవసరం లేదు.

గుణుపురం_ఎంటెక్

అందరి సూచనలతో పట్టికను తిరిగి రాశాను. ఫిన్ల సంఖ్యకు 32, 25, 21, 18 అనే నాలుగు విలువలు, లోతుకు 30, 40, 50 మి.మీ. అనే మూడు, ఉద్గారతకు రెండు, మొత్తం 24 పరుగులు. మందం 2 మి.మీ., బయటి గాలి 45 డిగ్రీలు అని స్థిరపరచాను. ఫిన్లు అడ్డంగా ఉన్న డిజైన్‌ను 21 ఫిన్లు, 40 మి.మీ. లోతుతో మాత్రమే నడిపాను.

లోతు 40 మి.మీ. దగ్గర 25 ఫిన్లకూ 21 ఫిన్లకూ మధ్య తేడా మెష్ వల్ల వచ్చే తేడా కంటే పెద్దదిగా లేదు. 32 ఫిన్ల దగ్గర ఉష్ణోగ్రత స్పష్టంగా పెరిగింది. పూత ఉన్నప్పుడు 21 ఫిన్లు 75 డిగ్రీల షరతులో సౌకర్యంగా ఇమిడాయి, పూత లేనప్పుడు గీతకు ఆనుకుని నిలిచాయి. అడ్డంగా తిప్పిన డిజైన్ పూత ఉన్నా షరతు దాటింది. సిరొంచ అన్న చెప్పిన మధ్యాహ్నపు ఆగిపోవడానికి ఇది సరిపోతోంది. చివరగా ఒక ప్రశ్న: అతి తక్కువ ఉష్ణోగ్రత ఇచ్చిన 25 ఫిన్లు, 50 మి.మీ. లోతు గల జోడింపును ఉత్తమ డిజైన్‌గా చూపించవచ్చునా?

బల్లార్షా_ప్యానెల్

చూపించవద్దు. అతి తక్కువ ఉష్ణోగ్రతను లక్ష్యంగా పెడితే జవాబు ఎప్పుడూ పెద్ద హీట్‌సింకే అవుతుంది, దానికి సిమ్యులేషన్ అక్కరలేదు. మీ గైడు గారు 75 డిగ్రీలని హద్దు ఇచ్చారు. అది షరతు. లక్ష్యం బరువు కావాలి, ఎందుకంటే అల్యూమినియాన్ని కిలోల లెక్కన కొంటాము. ఘనపరిమాణాన్ని సాంద్రత 2700తో గుణించి బరువును ఒక ఫలిత రాశిగా చేర్చుకుని, షరతులో నిలిచిన వరుసలలో అతి తేలికైనదానిని ఎంచుకోండి. ఫిన్ల వరకే చూస్తే 21 ఫిన్లు, 40 మి.మీ. లోతు అంటే దాదాపు 0.68 కిలోలు, 25 ఫిన్లు, 50 మి.మీ. లోతు అంటే కిలో దాటుతుంది. 30 మి.మీ. లోతు పూతతో షరతులో నిలుస్తుందేమో అదే పట్టికలో చూడండి. నిలిచినా గీతకు మరీ దగ్గరగా ఉంటే దుమ్ముకు వదలవలసిన వెసులుబాటును దృష్టిలో పెట్టుకుని 40 దగ్గరే ఆగండి.

సిరొంచ_సోలార్

21 ఫిన్లదే తయారుచేయించండి, పది మి.మీ. సందు మాకు శుభ్రం చేయడానికి చాలు. పెట్టె మీద ఏ వైపు పైకి ఉండాలో చెక్కించిన బాణం గుర్తు వేయించండి. స్టిక్కర్ అయితే ఒక్క ఎండాకాలానికే ఊడిపోతుంది.